బోటు హైడ్రాలిక్ హోస్‌లు: ఉప్పుగాలిలో ఆరేళ్ల వాడకం తర్వాత

డెక్ మీద తాడు లాగే వించికి అరంగుళం 2ఎస్‌ఎన్ రకం రబ్బరు హోస్ (ప్రెషర్‌తో నూనె మోసే గొట్టం, లోపల రెండు వరసల స్టీలు తీగ అల్లిక), స్టీరింగ్‌కు 100ఆర్7 రకం థర్మోప్లాస్టిక్ హోస్. ఆరేళ్లుగా రెండూ ఉప్పునీటి తుంపరలోనే ఉన్నాయి. తేలిందేమిటంటే, హోస్ మధ్యలో పోదు. ఫెరూల్ (హోస్ చివర ఫిట్టింగును పట్టి ఉంచే లోహపు తొడుగు) అంచు దగ్గర, వేలెడు దూరంలోపే పోతుంది. అందుకే కొనేటప్పుడు హోస్ కంటే ముందు దాని చివరలను చూడాలి.

ఫెరూల్‌కీ రబ్బరుకీ మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది. ఉప్పునీరు అందులోకి పాకుతుంది. ఎండకు నీరు ఆరినా ఉప్పు మిగిలిపోయి, గాలిలోని తేమను మళ్లీ లాక్కుంటుంది. దాంతో లోపలి తీగ తడిగానే ఉంటుంది. తుప్పు పట్టిన తీగ ఉబ్బి, పై రబ్బరును బయటికి నెడుతుంది. పంపు ఆపి, ప్రెషర్ పూర్తిగా వదిలేశాక అక్కడ బొటనవేలితో నొక్కి చూడండి. బాగున్న హోస్ గట్టిగా ఉంటుంది. తీగ పాడైన చోట బొబ్బలా తగులుతుంది, లోపల ఇసుక నలిగినట్టు కరకరమంటుంది. పంపు నడుస్తుండగా మాత్రం చెయ్యి పెట్టొద్దు. సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. లీకు వెతకడానికి అట్టముక్క వాడాలి.

ఇక ఫిట్టింగుల, అంటే హోస్ చివర బిగించే లోహపు కలుపుల సంగతి. మామూలు జింకు పూతకు ముందు తెల్లపొడి, ఆ తర్వాత ఎర్రతుప్పు వస్తుంది. జింక్-నికెల్ పూత చాలా మెరుగు. నీళ్లు నేరుగా పడే చోట 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఒక్కటే నమ్మదగినది, 304 రకానికి గుంటలు పడతాయి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటొకటి ఉంది: ఫిట్టింగ్ 316దే ఉంటుంది, ఫెరూల్ మాత్రం జింకు పూతది వేసి క్రింప్ చేసి (మెషీన్‌తో నొక్కి బిగించి) ఇస్తారు. ముందుగా కుళ్లేది ఆ ఫెరూలే. ఆర్డరులో ‘ఫెరూల్ కూడా 316’ అని రాయించండి, చేతికి వచ్చాక అయస్కాంతం పెట్టి చూడండి, మామూలు స్టీలయితే గట్టిగా అతుక్కుంటుంది. పై రబ్బరు చెక్కకుండా క్రింప్ చేసే రకమే తీసుకోండి. చెక్కితే తీగ ఉప్పుకు ఇంకా దగ్గరవుతుంది. స్టెయిన్‌లెస్ నట్టును పొడిగా బిగిస్తే మరలు ఒకదాన్నొకటి కరుచుకుని పట్టేస్తాయి, యాంటీ-సీజ్ (మరలు పట్టేయకుండా పూసే జిడ్డు) పూసి నెమ్మదిగా తిప్పాలి.

బిగింపులో కొలతలు ముఖ్యం. అరంగుళం 2ఎస్‌ఎన్ పని ప్రెషర్ 275 బార్, వంపు వ్యాసార్థం 180 మి.మీ.కు తగ్గకూడదు. ఫెరూల్ దాటాక హోస్ బయటి వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, అంటే సుమారు 35 మి.మీ., తిన్నగా వదిలాకే వంచాలి. అక్కడే వంచితే ఆ సందు తెరుచుకుని నీటికి దారి ఇచ్చినట్టే. ప్రెషర్ ఎక్కినప్పుడు హోస్ 4 శాతం దాకా పొట్టి కావచ్చు, మీటరుకు 40 మి.మీ. వదులు ఉంచండి. హోస్ మీది అక్షరాల గీత మెలి తిరగకూడదు. ఆ గీతలోనే తయారైన త్రైమాసికం, సంవత్సరం ఉంటాయి. పాత సరుకు తీసుకోకండి.

ఫెరూల్ మీద పెట్రోలేటమ్ టేప్ (వాజిలిన్ లాంటి జిడ్డు పట్టించిన టేప్) చుట్టడం వల్ల కనిపించిన తేడా మరి దేనివల్లా కనిపించలేదు. మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఫెరూల్ దాటి హోస్ మీద 50 మి.మీ. దాకా సగం సగం కప్పుతూ చుట్టాలి. ఏడాదికోసారి విప్పి చూడాలి. హోస్ చుట్టూ చుట్టే ప్లాస్టిక్ స్పైరల్ గార్డు రాపిడి ఆపుతుంది కానీ, లోపల ఉప్పు పేరుకుంటుంది. రాపిడి ఉన్న చోట తప్ప వేయొద్దు.

స్టీరింగ్‌లోని ఆర్7 హోస్‌కు తీగే లేదు కనుక తుప్పు లేదు. ఇత్తడి ఫిట్టింగులకు చిలుము పట్టింది, అంతే. అలాగని దాన్ని వించికి వేయకూడదు, అరంగుళంలో అది సుమారు 140 బార్‌కే. 93 డిగ్రీల సెల్సియస్ దాటే వేడికీ పనికిరాదు. ఇంజిన్ గదికి ఐఎస్‌ఓ 15540 అగ్ని పరీక్ష నెగ్గిన హోసే వేయాలి.

బొబ్బ కనిపించిన హోస్ చివర కోసి కొత్త ఫెరూల్ వేయించుకోవద్దు. కోసి చూస్తే బయట రబ్బరు నిగనిగలాడుతున్న చోట కూడా లోపల తీగల వెంట గోధుమరంగు పాకి ఉంటుంది.