చెదల మందు కొట్టించాం: హనుమకొండలో ఒక ఇంటి అనుభవం

వడ్డేపల్లి చెరువు వైపు ఉన్న మా ఇల్లు 1994లో కట్టింది. నేలకు షాబాద్ బండలు, దర్వాజలకు టేకు, అల్మారాలకు మాత్రం తరువాత పెట్టించిన ప్లైవుడ్. గత జూన్‌లో తొలకరి పడిన మర్నాడు రాత్రి ట్యూబ్‌లైటు చుట్టూ ఉసిళ్ళు ముసిరితే, ఎప్పటిలాగే లైటు ఆర్పేసి పడుకున్నాం. తెల్లవారి ఊడ్చేటప్పుడు రెక్కలు కిటికీ కింద కాకుండా పడకగది అల్మారా మూలన కుప్పగా ఉండటం మా అమ్మ గమనించింది. ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదలే. అవి బయటి నుంచి దీపానికి వస్తే బెంగపడవలసింది లేదు కానీ, ఇంటి నేల సందులోంచే లేస్తే ఆ నేల కింద చెదలు కాపురమున్నట్టే లెక్క. అల్మారా అడుగు పలకను వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. అందులో దాచిన ఇంటి కాగితాల ఫైలుకు పై అట్ట చెక్కు చెదరలేదు. తెరిచి చూస్తే కాగితాలు ఉండవలసిన చోట సగం మట్టి ఉంది.

మొదట చవకగా పోయేది చూశాం. పొలాల్లో మందు కొట్టే 15 లీటర్ల పంపు వీపున వేసుకొని వచ్చిన ఒకాయన, 1,500 రూపాయలు తీసుకొని, గోడల వెంట అరగంటలో పిచికారీ చేసి వెళ్ళాడు. ఇరవై రోజులకే అదే గోడ మీద పెన్సిలు మందాన మట్టి గీత మళ్ళీ మొలిచింది. ఆ తరువాతే ఒక పెస్ట్ కంట్రోల్ సంస్థను పిలిచాం, ఈ సమీక్ష వాళ్ళ పని గురించే. పేరు రాయకపోవడానికి కారణముంది. మా వైపు ఈ పని చేసేవాళ్ళ పద్ధతి ఇంచుమించు ఒకటే కనుక, పేరు కన్నా పని ఎలా సాగాలో, ఎక్కడ గండి పడుతుందో చెప్పడమే చదివేవారికి అక్కరకొస్తుంది.

చూడటానికి వచ్చిన కుర్రాడు టార్చి వేసి, స్క్రూడ్రైవర్ పిడితో దర్వాజల మీద కొడుతూ డొల్ల చప్పుడు ఎక్కడ వస్తుందో వింటూ ఇల్లంతా తిరిగాడు. ధర మాట ఎత్తకముందే అతడు అడిగిన ప్రశ్న, "సార్, మీ బోరు ఎక్కడుంది?" అని. గోడ పక్కనే బోరు గానీ బావి గానీ ఉంటే ఆ వైపు నేలలోకి మందు ఎక్కించకూడదు, నీళ్ళలో కలుస్తుంది. ఆ ఒక్క ప్రశ్నతోనే నాకు వీళ్ళ మీద సగం నమ్మకం కుదిరింది. చదరపు అడుగుకు 8 రూపాయల చొప్పున 1,100 అడుగులకు 8,800 రూపాయలు చెప్పారు. బేరమాడితే 8,200కు దిగారు.

పిచికారీ ఎందుకు పని చేయలేదో అతడు చెప్పినదీ, నేను ముందే చదివినదీ ఒకటే. మన ఇళ్ళను తినే చెదలు చాలావరకు కర్రలో ఉండవు, మట్టిలో ఉంటాయి. ఒళ్ళు మెత్తన, గాలి తగిలితే ఎండిపోతాయి కాబట్టి తడి మట్టితో గొట్టాలు కట్టుకొని, వాటి లోపలి నుంచే మేతకు వచ్చి వెళతాయి. గోడ మీద కనిపించే గీత వాటి దారి మాత్రమే, ఇల్లు కింద ఉంది. వీటిలో కొన్ని జాతులు తెచ్చిన కర్రను పుట్టలో పోగేసి, దాని మీద బూజు పండించి ఆ పంటను తింటాయి. వానలకు పుట్టల మీద లేచే గొడుగులు ఆ బూజువే. పుట్టగొడుగు అన్న మాట మనకు ఊరికే రాలేదు. సేద్యం చేసుకుంటూ నేల లోపల కూర్చున్నదాన్ని పైపైన తుడిస్తే ఏమవుతుంది?

పని రోజున తొమ్మిదింటికి వస్తామన్నవాళ్ళు పదకొండున్నరకు వచ్చారు. గోడా నేలా కలిసేచోట, అడుగుకు ఒకటి చొప్పున, 12 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రాలు వేసుకుంటూ పోయారు. కట్టిన ఇళ్ళకు చెదల నివారణ ఎలా చేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగంలోనూ ఇదే పద్ధతి ఉంది. డ్రిల్లు మోతకు మా అమ్మ బయటికి వచ్చి, "ఏం బిడ్డా, ఇల్లు మొత్తం జల్లెడ చేస్తున్నవా?" అన్నది. "లేదవ్వా, మందు పోసినంక అన్నీ మూసేస్తం" అన్నాడు ఆ పిల్లవాడు, దుమ్ముకు ముఖానికి కట్టుకున్న రుమాలు తీయకుండానే.

ఇక్కడే అసలు లెక్క ఉంది. రంధ్రానికి ఒక లీటరు ద్రావణం పోయాలి. మా ఇంట్లో దాదాపు 250 రంధ్రాలు పడ్డాయి, అంటే 250 లీటర్లు. వాళ్ళు తెచ్చిన మందు ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం, దాన్ని లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల చొప్పున కలపాలి, అంటే మొత్తానికి సుమారు 525 మిల్లీలీటర్లు. అర లీటరు సీసా ఒకటి నా ఎదుటే సీలు తీసి, కొలగ్లాసుతో కొలిచి, 50 లీటర్ల డ్రమ్ములో కలిపారు. ఐదో డ్రమ్ముకు రెండో సీసా మూత తీయవలసి వచ్చింది. అంతకుముందు వచ్చినాయన ఇల్లంతటికీ పోసింది ఒక్క పంపెడు, 15 లీటర్లు! ఆ మందు మంచిదే కావచ్చు, నేల లోపలికి మాత్రం చుక్క దిగలేదు. మీ ఇంట్లో ఈ పని పెట్టుకుంటే మందు పేరు అడిగి ఊరుకోకండి. రంధ్రాలు లెక్కపెట్టండి, డ్రమ్ములు లెక్కపెట్టండి, సీసా ఖాళీ అయిందో లేదో చూడండి. దర్వాజల చెక్కకు వేరే పద్ధతి: ఏటవాలుగా సన్నని రంధ్రాలు వేసి సిరంజితో మందు ఎక్కించారు.

మా బాపు ఉన్నప్పుడు చెదలకు బీహెచ్‌సీ పొడి చల్లేవారు. ఆ ఘాటు వారం రోజులు ఇల్లు వదిలేది కాదు, 1997లో దాన్ని దేశంలో నిషేధించారు. ఇప్పుడు పోసిన ఇమిడాక్లోప్రిడ్‌కు చెప్పుకోదగ్గ వాసన లేదు. చెదలకూ దీని ఆనవాలు తెలియదు కనుక పక్కకు తప్పుకోకుండా అందులోంచే నడుస్తాయి, ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేసుకుంటూ మిగతావాటికీ అంటిస్తాయి. అందుకే ఫలితం ఆ పూటే కనిపించదు. మాకు పన్నెండో రోజుకు గోడ మీది గొట్టాలు పొడిబారి, గోటితో తాకితే రాలిపోయాయి.

ఇక ఫిర్యాదులు. రెండు షాబాద్ బండల అంచులు పగిలాయి, పరిహారం అడిగితే నవ్వి ఊరుకున్నారు. రంధ్రాలు మూసిన తెల్ల సిమెంటు హడావుడిగా మెత్తడంతో నెల తిరగకుండానే పదిహేను చోట్ల ఊడింది, నేనే మళ్ళీ పూడ్చుకున్నాను. అన్నిటికంటే పెద్ద లోపం వంటగదిలో జరిగింది. గట్టు కింద సిలిండరు ఉన్న మూలలో సామాను జరపడానికి బద్ధకించి రంధ్రాలు వేయకుండా వదిలేశారు, నేను ఆ సమయానికి భోజనం దగ్గర ఉన్నాను. మూడో నెలలో సరిగ్గా ఆ మూలనే గీత కనిపించింది. ఐదేళ్ళ వారంటీ కాగితం చేతిలో ఉన్నా నాలుగుసార్లు ఫోను చేస్తే గానీ రాలేదు. వచ్చాక మాత్రం డబ్బు అడగలేదు. సిలిండరు జరిపి, మిగిలిపోయిన ఎనిమిది రంధ్రాలు వేసి, కొలత ప్రకారమే పోశారు. వారంటీ కాగితం వెనక చిన్న అక్షరాల్లో, నేల తవ్వినా కొత్త బండలు వేసినా హామీ చెల్లదని ఉంది. సంతకానికి ముందే అది చదువుకోవాలి.

ఐదింటికి మూడున్నర మార్కులు వేస్తాను. పని తెలిసిన కుర్రాళ్ళు, నిజాయితీగా కొలిచారు. మూలలు వదిలేసే అలవాటూ, ఫోను ఎత్తని ఆఫీసూ మార్కులు తగ్గించాయి. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద ఇలాంటి పనికి లైసెన్సు ఉండాలి. అడిగితే దాని నకలు వాట్సాప్‌లో పంపారు, పంపు వీపున వేసుకొచ్చిన ఆయనను మాత్రం ఆ మాట అడగాలనే నాకు తోచలేదు.

వంటగది మూలన గీతను పూర్తిగా తుడవవద్దని, సగం గీకి సగం ఉంచమని వెళ్ళేటప్పుడు ఆ కుర్రాడు చెప్పాడు. చెదలు బతికి ఉంటే రెండు మూడు రోజుల్లో తెగిన గొట్టాన్ని తడి మట్టితో అతికించుకుంటాయట. ఇవాళ్టికి పదహారు రోజులు. రోజూ పొద్దున చాయ పెట్టుకునేటప్పుడు వంగి చూస్తున్నాను, గీకిన చోటు అలాగే ఉంది.