ఒకే కేబుల్ మీద నాలుగు నెట్‌వర్కులు: వీల్యాన్ కొన్నేళ్లు వాడాక

మాకు కింద అకౌంట్స్ ఆఫీసు, పైన ఇల్లు. ఫైబర్ కనెక్షన్ మాత్రం ఒకటే. క్లయింట్ల లెక్కలున్న కంప్యూటర్లు, పిల్లల ఫోన్లు, సీసీ కెమెరాలు, వచ్చేపోయేవాళ్ల వైఫై అన్నీ ఒకే నెట్‌వర్కులో ఉంటే నాకు నిద్ర పట్టేది కాదు. కొత్త వైరు లాగకుండానే వీల్యాన్‌తో, అంటే ఒకే కేబుల్ మీద విడివిడి నెట్‌వర్కులు నడిపే పద్ధతితో, వాటిని విడదీశాను. ఇక వెనక్కి వెళ్లే ఆలోచన లేదు.

వీల్యాన్‌కు వాడే ప్రమాణం 802.1క్యూ. ఆ పద్ధతిలో ఒక్కో ఫ్రేముకు, అంటే కేబుల్ మీద వెళ్లే ఒక్కో డేటా ముక్కకు, అది ఏ నెట్‌వర్కుదో చెప్పే 4 బైట్ల ట్యాగ్ తగులుతుంది. అందులో నెట్‌వర్కు నంబరుకు 12 బిట్లు, అంటే 4,094 నెట్‌వర్కుల దాకా చోటుంది. నాకు నాలుగు చాలాయి: ఆఫీసుకు 10, ఇంటికి 20, గెస్టులకు 30, కెమెరాలకు 40. మేడ మీది వైఫై యాక్సెస్ పాయింటుకు వెళ్లేది ఒక్క కేబులే. అన్ని నెట్‌వర్కులనూ కలిపి మోసే ఆ ట్రంక్ పోర్టు మీదే అన్నీ ట్యాగులతో వెళ్తాయి, ఒక్కో వైఫై పేరు ఒక్కో నంబరుకు కట్టి ఉంటుంది. వైఫై పేర్లు మూడు దాటనివ్వలేదు. ప్రతి పేరుకూ బీకన్లు (ఈ వైఫై ఇక్కడ ఉందని చాటే సంకేతాలు) విడిగా వెళ్తూనే ఉంటాయి, గాలిలో సమయం వాటికే పోతుంది.

అసలు రక్షణ ఫైర్‌వాల్‌లో, అంటే ఏది ఎక్కడికి వెళ్లొచ్చో తేల్చే రౌటరు నియమాల్లో ఉంది. నంబర్లు వేరు చేసి ఊరుకుంటే, చాలా రౌటర్లు ఒక నెట్‌వర్కు నుంచి ఇంకోదానికి దారి ఇచ్చేస్తాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ నడిచే నా రౌటర్లో కెమెరాలకు ఇంటర్నెట్ లేదు, గెస్టులకు ఇంటర్నెట్ తప్ప ఇంకేమీ లేదు. వీల్యాన్ పెట్టే ఎవరికైనా ముందు ఈ నియమాలు రాసుకోమనే చెబుతాను.

విసిగించింది ప్రింటరు. అది ఆఫీసు నెట్‌వర్కులో ఉంటుంది, పిల్లల ఫోన్లకు కనబడదు. కారణం, పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే ఎండీఎన్ఎస్ పిలుపు తన నెట్‌వర్కు దాటి పోదు. రౌటర్లో ఆ పిలుపును పక్క నెట్‌వర్కుకు అందించే అవాహి రిఫ్లెక్టర్ అనే ప్రోగ్రాం పెట్టి, ప్రింటరు ఒక్కదానికే ఫైర్‌వాల్‌లో దారి ఇచ్చాక కుదిరింది. టీవీకి ఫోన్‌లోంచి వీడియో పంపడం మాత్రం అలా తేలలేదు, టీవీని ఫోన్లున్న నెట్‌వర్కులోనే ఉంచేశాను.

వేగం గురించి ఒక్క మాట. ఒక నెట్‌వర్కులోంచి ఇంకోదానికి పోయే ప్రతిదీ రౌటరు గుండానే వెళ్లాలి. అందుకే పెద్ద ఫైళ్లు దాచే డిస్కును ఆఫీసు కంప్యూటర్ల పక్కనే, 10లోనే పెట్టాను.

ఇద్దరు ముగ్గురుండే ఇంటికి ఇంత అవసరం లేదు, రౌటర్లోని గెస్ట్ వైఫై సరిపోతుంది. దుకాణం, క్లినిక్, ట్యూషన్ సెంటరు లాంటివి ఇంటితో కలిసి ఉంటే తప్పకుండా పెట్టుకోండి. స్విచ్ కొనేటప్పుడు 802.1క్యూ ఉందో లేదో చూడండి. పోర్ట్ బేస్డ్ వీల్యాన్ (ట్యాగులు లేకుండా స్విచ్ పోర్టులను మాత్రమే గుంపులుగా విడదీసేది) మాత్రమే ఉన్నదైతే, ఒకే కేబుల్ మీద నాలుగింటినీ మేడ మీదికి పంపలేరు.