పని మానేద్దామనుకుంటున్న కాంట్రాక్టర్లకు: ‘ఒక్కసారి కడితే పెన్షన్’ అంటే సంతకం పెట్టకండి

విశాఖలో ముప్ఫై ఏళ్లుగా ఇళ్లు కడుతున్నాను. ఇప్పుడు 61. మోకాళ్లు ఇక మెట్లెక్కనివ్వట్లేదు. కిందటేడు పెందుర్తి దగ్గర సెంట్రింగ్ సామాను పెట్టుకునే జాగా అమ్మితే 25 లక్షలొచ్చాయి. మనకి పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు. ఉన్నదంతా అదే.

డబ్బు ఖాతాలో పడిన మూడో రోజే బ్యాంకు నుంచి ఫోన్. వెళ్తే ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. "ఎఫ్‌డీ లాంటిదే గురువుగారూ. 10 లక్షలు ఒక్కసారి కట్టండి, వచ్చే ఏడాది నుంచి పెన్షన్" అన్నాడా కుర్రాడు. నామినీ సంతకమని మా అబ్బాయితో కూడా పెట్టించాడు.

వారానికి వెరిఫికేషన్ కాల్ వచ్చింది. కొమ్మాది సైట్‌లో స్లాబ్ వేస్తున్నాం. పక్కనే కాంక్రీటు కలిపే మిల్లర్ తిరుగుతోంది, పైన వైబ్రేటర్ మోత. ఫోన్లో ఆవిడ ఏమడుగుతోందో సగం వినపడలేదు. "అన్నిటికీ ఎస్ అనేయండి" అని కుర్రాడు ముందే చెప్పాడుగా, అనేశాను. ఆ రికార్డింగే ఇప్పుడు వాళ్ల సాక్ష్యం!

బాండు కొరియర్‌లో వచ్చింది. కవరు చింపకుండా సిమెంటు బిల్లుల ఫైలులో పెట్టాను. తప్పు నాదే. ఏడాది తిరిగాక మెసేజ్: 10 లక్షలు బాకీ. అప్పుడు చదివిస్తే తెలిసింది, అది ఏడేళ్లు కట్టాల్సిన జీవిత బీమా. మా అబ్బాయి నామినీ కాదు, పాలసీయే వాడి మీద. సరెండర్ చేస్తే, అంటే మధ్యలోనే వదిలేస్తే, కట్టినదాంట్లో సగానికి అటూ ఇటూ వస్తుందన్నారు.

నెలజీతం వచ్చేవాడు ఎలాగోలా కడతాడేమో. మనం? చేసిన పని బిల్లులోంచి పట్టుకున్న రిటెన్షన్ మనీ కూడా డిఫెక్ట్ లయబిలిటీ గడువు, అంటే లోపాలొస్తే మనమే సరిచేయాల్సిన గడువు, తీరితే గానీ రాదు. పని మానేశాక ఏటా ఫలానా తేదీకి 10 లక్షలు ఎక్కడి నుంచి తెస్తాం?

బాండు అందిన 30 రోజుల్లోపు ‘ఫ్రీ లుక్’ కింద వెనక్కిచ్చేయొచ్చు, స్వల్ప కోతలు పోను డబ్బు తిరిగొస్తుంది. కవరు రాగానే చింపండి. ప్రీమియం ఎన్నేళ్లు, పాలసీ ఎవరి మీద, ఈ రెండూ చూడండి. కాల్ వస్తే సైట్ బయటికెళ్లి మాట్లాడండి, లేదా మళ్లీ చేయమనండి. నాకు మండేదేంటంటే, 60 దాటినవాళ్లకి సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ ఉంది: 30 లక్షల దాకా, ఐదేళ్లు, మూణ్ణెల్లకోసారి వడ్డీ. అదే బ్యాంకులోనే ఉంది. ఒక్కరూ చెప్పలేదు.

బీమా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. వాళ్లు కాదంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్తాను, అక్కడ ఫీజు లేదు. మొన్న బ్రాంచికి వెళ్తే ఆ కుర్రాడికి బదిలీ అయిందన్నారు. ఆ కుర్చీలో ఇంకొకడున్నాడు. నన్ను చూసి నవ్వి, "కాఫీ తీసుకుంటారా సార్?" అన్నాడు.