క్లెటో రేయెస్ లేస్ గ్లవ్స్, 14 ఔన్సులు: ఎవరికి పనికొస్తాయి

రఫాయెల్ ఎస్పినోసా, ఇమాన్యుయెల్ నవర్రెటే లాంటి కొత్త తరం మెక్సికన్ బాక్సర్ల ఫైట్లు ఆదివారం పొద్దున చూశాక ఆ దేశపు క్లెటో రేయెస్ గ్లవ్స్ మీదికి మనసు పోతుంది. మొదటి జత కోసమైతే ఆగండి. ఇవి వేలాడే పంచింగ్ బ్యాగుకీ, కోచ్ చేతికి తొడుక్కుని పట్టే ప్యాడ్స్‌కీ తీసుకోవాల్సిన రెండో జత. 1945 నుంచి వస్తున్న ఈ బ్రాండుకి 'పంచర్ గ్లవ్' అని పేరు (టైరు పంచరు కాదు, పంచ్ కొట్టేవాడి గ్లవ్). పిడికిలి మీద ప్యాడింగ్ పల్చగా, గట్టిగా ఉంటుంది. దెబ్బ ఎక్కడ తగిలిందో చేతికి తెలుస్తుంది, స్పారింగ్‌లో (జోడీతో చేసే సాధన పోరులో) అవతలివాడికి ఇంకా బాగా తెలుస్తుంది. అందుకే స్పారింగ్‌కి మెత్తటి 16 ఔన్సులవే వాడాలి.

అసలు సుఖం లివర్ హుక్‌లో, అంటే ప్రత్యర్థి కుడి పక్కటెముకల కింద కాలేయం మీదికి ఎడమ చేత్తో పక్కనుంచి కొట్టే పంచ్‌లో. మెక్సికన్ దిగ్గజం హులియో సీజర్ చావెజ్ కాలం నుంచీ మెక్సికన్ల ఆయుధం అదే. గ్లవ్ సన్నగా ఉండటంతో ప్రత్యర్థి మోచేతి కిందనుంచి సులువుగా దూరుతుంది. చిక్కల్లా మన బ్యాగులతోనే. గుడ్డ పీలికలు కుక్కిన బ్యాగులో సరుకు నెలల్లోనే కిందికి దిగి రాయిలా గట్టిపడుతుంది. హుక్ పడేది సరిగ్గా అక్కడే, కణుపులు వాచేదీ అక్కడే. పీలికలన్నీ బయటికి లాగి, విదిలించి మళ్లీ నింపించండి. అప్పటిదాకా ఈ గ్లవ్స్‌తో కింది భాగం జోలికి పోవద్దు.

లోపల ఇరుకు. ఒట్టి చేత్తో తొడిగి చూస్తే మోసపోతారు. 180 అంగుళాల ర్యాప్ (చేతికి చుట్టుకునే గుడ్డ పట్టీ), మణికట్టుకి మూడు చుట్లు, కణుపుల మీద మూడు, వేళ్ల సందుల్లోంచి ఒక్కోటి చుట్టుకుని తొడగండి. వేళ్లు చివరిదాకా ఆని, పిడికిలి బలవంతం లేకుండా మూసుకోవాలి.

లేస్ ఒక్కరే కట్టుకోలేరు. కట్టేవాళ్లు అరచేతి వైపు నుంచి ఒక్కో కన్నం బిగిస్తూ వచ్చి, మణికట్టు చుట్టూ ఓసారి తిప్పి ముడేసి, పైన టేపు వేయాలి. వేలాడే కొస కంటికి తగిలితే గీరుకుపోతుంది. తెల్లవారుజామున ఒంటరిగా జిమ్‌కొచ్చేవాళ్లు వెల్క్రో రకం చూసుకోవడం మేలు.

హైదరాబాద్ వానాకాలంలో తడి గ్లవ్స్‌ని బండి డిక్కీలో వదిలేస్తే రెండ్రోజుల్లో బూజు వాసన. మూతి వెడల్పు చేసి, పేపరు ఉండలు కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి, గంటకి పేపరు మార్చండి. డాబా మీద ఎండలో ఆరేస్తే తోలు బిరుసెక్కి ముందు బొటనవేలి కుట్టు దగ్గర పగులుతుంది. శానిటైజర్ చల్లినా అంతే.