చట్టాలు పోల్చి చూపే సర్వీసు: మూడు నెలలు వాడాక

మా చిన్న యాప్‌కి మూడు ఖండాల్లో యూజర్లున్నారు. ఎక్కడ ఏ డేటా చట్టం వర్తిస్తుందో తేల్చుకోలేక, వాటిని పోల్చి చూపే ఒక ఆన్‌లైన్ సర్వీసుకి డబ్బు కట్టాను.

పిల్లల వయసు పట్టిక ఒక్కటి చాలు, కట్టిన డబ్బు వచ్చేసినట్టే. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం ఆన్‌లైన్ సేవకి పిల్లలు సొంతంగా ఒప్పుకోవాలంటే 16 ఏళ్లు నిండాలి. సభ్యదేశాలు దాన్ని 13 దాకా తగ్గించుకోవచ్చు. భారత్ 2023 చట్టంలో 18 లోపు అందరూ పిల్లలే, తల్లిదండ్రుల అనుమతి తప్పదు. నేనేమో అన్నిచోట్లా 13 అని పెట్టేసి హాయిగా కూర్చున్నాను! సైన్ అప్ పేజీ మొత్తం మళ్లీ రాయించాం.

కాలిఫోర్నియా దగ్గరే తడబడ్డారు. అక్కడ పెద్దవాళ్ల డేటా అమ్మడానికి ముందే అనుమతి అడగక్కర్లేదు, ‘నా డేటా అమ్మొద్దు’ అని యూజర్ చెప్పే దారి చూపిస్తే చాలు. సర్వీసు వాళ్లు దాన్నీ, ముందే అనుమతి అడగాలన్నట్టు, యూరప్ గడిలోనే పడేశారు. యూజర్ అడిగిన సమాచారం ఇవ్వడానికి యూరప్‌లో నెల గడువు, కాలిఫోర్నియాలో 45 రోజులు. అదీ కలిపేశారు. మెయిల్ పెడితే వారానికి సరిచేశారు, థ్యాంక్స్ అన్న ముక్క మాత్రం లేదు.

బ్రెజిల్ పేజీ పర్లేదు. జరిమానాల పేజీ రాత్రిపూట తెరవకండి, టెన్షన్. యూరప్‌లో గరిష్ఠంగా 2 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం, ఏది ఎక్కువైతే అది.

5కి 3 స్టార్లు. ఏడాది ప్లాన్ వద్దు, నెలవారీది తీసుకోండి.