పాత హిమ్సా, కొత్త వర్షిప్ సాంగ్సా... ఆరాధనకి ఏది మేలు?

ఆర్గన్ మీద పాత హిమ్స్, అంటే చరణాలు చరణాలుగా రాసిన పాత చర్చి పాటలు, పాడితేనే ఆరాధన అనేవాళ్ళు ఒకవైపు, గిటార్ డ్రమ్స్ తో కొత్త వర్షిప్ సాంగ్స్ లేకపోతే యూత్ ఎవరూ రారు అనేవాళ్ళు ఇంకోవైపు, దీని మీద మనసులు విరిగిపోయిన సంఘాలు కూడా ఉన్నాయి. నేనైతే ఒకటే చూస్తాను అండీ, పాట మొదలయ్యాక జనం నోరు తెరిచి పాడుతున్నారా లేక స్టేజ్ వైపు చూస్తూ నిలబడ్డారా అని. ఎందుకంటే 16వ శతాబ్దంలో చర్చిని మార్చిన రిఫర్మేషన్ ఉద్యమం ముందు చర్చిలో పాట ఎక్కువగా క్వయర్ దీ, గురువులదీ, అదీ లాటిన్ లో. ఆ ఉద్యమం మొదలుపెట్టిన జర్మన్ బోధకుడు మార్టిన్ లూథర్ దాన్ని తెచ్చి మామూలు విశ్వాసి నోట్లో పెట్టాడు, 1524లో వచ్చిన ఆ మొదటి చిన్న పాటల పుస్తకంలో ఉన్నవి ఎనిమిదే పాటలు, అందులో నాలుగు ఆయన రాసినవే.

పాతదే పవిత్రం అనే మాట మాత్రం చరిత్ర ముందు నిలబడదు. లూథర్ తర్వాత వచ్చిన సంస్కర్త కాల్విన్ ఉన్న జెనీవాలో ఆరాధనలో వాయిద్యాలు లేవు, అందరూ ఒకే స్వరంలో బైబిల్లోని కీర్తనల గ్రంథాన్నే పాడేవాళ్ళు, ఆ కీర్తనల పుస్తకం 1562కి పూర్తయింది. 1707లో ఇంగ్లండ్ బోధకుడు ఐజాక్ వాట్స్ సొంత మాటలతో హిమ్స్ రాసి అచ్చు వేయిస్తే బైబిల్లో ఉన్న కీర్తనలు చాలవా, మనిషి రాసినవి ఎందుకు అన్నారు. కాల్విన్ బాటలో నడిచిన స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్ చర్చిల్లో అయితే 19వ శతాబ్దంలో కూడా ఆర్గన్ పెట్టాలా వద్దా అని వాదనలే. అంటే ఇవాళ మనం సంప్రదాయం అని పట్టుకున్న ఆర్గన్ కూడా, హిమ్ కూడా ఒకప్పుడు కొత్తగా వచ్చి తిట్లు తిన్నవే.

అయినా హిమ్స్ లో ఉన్న బలం వేరు. మంచి హిమ్ లో ఒక చరణం పాపం గురించి ఉంటే తర్వాతది సిలువ దగ్గరికి, ఆ తర్వాతది పునరుత్థానానికి, చివరిది ప్రభువు రాకడకి తీసుకెళ్తుంది, టైం లేదని మూడో చరణం వదిలేస్తే నడుమ మెట్టు తీసేసినట్టే ఉంటుంది. ప్రసంగం మర్చిపోయినవాళ్ళకి కూడా ఈ పాటలు గుర్తుంటాయి, సిద్ధాంతం అలా వంటబడుతుంది. ఇంకోటి కొలత. ఇంగ్లీష్ హిమ్స్ లో నాలుగు లైన్లకి వరసగా 8, 6, 8, 6 సిలబుల్స్ కొలత బాగా వాడుకలో ఉంది, అందుకే ఒక పాట మాటలు ఇంకో ట్యూన్ లో కూర్చుంటాయి. జాన్ న్యూటన్ అమేజింగ్ గ్రేస్ 1779లో అచ్చయితే, ఇప్పుడు ప్రపంచమంతా పాడే ట్యూన్ దానికి జతపడింది 1835లో! పుస్తకంలో నాలుగు గొంతులకి నోట్స్ వేసి ఉంటాయి కాబట్టి బేస్ గొంతు మగాళ్ళకీ చోటుంది, కింది స్థాయి ఆల్టో పాడే ఆడవాళ్ళకీ చోటుంది.

కొత్త పాటల సంగతికొస్తే, 1960ల చివర్లో కాలిఫోర్నియాలో హిప్పీ కుర్రాళ్ళు చాలామంది ప్రభువు దగ్గరికి వచ్చారు, వచ్చేటప్పుడు గిటార్లు కూడా తెచ్చుకున్నారు, కోస్టా మేసాలో కాల్వరీ చాపెల్ వాళ్ళని అలాగే రానిచ్చింది, 1971లో అక్కడే మరనాథ మ్యూజిక్ అనే పాటల సంస్థ మొదలైంది. తర్వాత వినియార్డ్, హిల్‌సాంగ్ చర్చిల పాటలు వచ్చాయి. ఈ పాటల గొప్పతనం ఏంటంటే దేవుడి గురించి చెప్పడం కన్నా దేవుడితోనే మాట్లాడతాయి, చదువురాని మనిషి, నిన్నగాక మొన్న నమ్ముకున్న మనిషి కూడా రెండోసారికల్లా కళ్ళు మూసుకుని పాడగలడు. ఒకటే లైన్ పదిసార్లు ఏంటి అని వెక్కిరించేవాళ్ళు 136వ కీర్తన ఒకసారి తీసి చూడండి, ఆయన కృప నిత్యం ఉంటుందనే మాట 26 వచనాల్లోనూ వస్తుంది.

ఇబ్బంది ఎక్కడంటే చాలావరకు స్కేల్, అంటే శ్రుతి దగ్గర. రికార్డింగ్ లో పాడినవాడిది పైస్థాయి గొంతు, మన వర్షిప్ లీడర్ అదే స్కేల్ లో ఎత్తుకుంటాడు, మొదటి చరణం కింద ఆక్టేవ్ లో గొణిగినట్టు ఉంటుంది, చివరి కోరస్ కి ఒక్కసారిగా పైకి దూకుతుంది, అక్కడ సగం మంది ఆగిపోతారు. వాళ్ళకి ఆసక్తి లేక కాదు, గొంతు అందక. రెండు మూడు సెమీటోన్స్ (అర మెట్లు) దించి పై నోటు డి దాటకుండా చూసుకుంటే అదే జనం ఎలా పాడతారో చూడండి. దానికి తోడు సౌండ్. పక్కనున్న మనిషి గొంతు వినపడనంత పెద్దగా స్పీకర్లు మోగుతుంటే తన గొంతు అవసరం లేదని ఎవరికైనా అనిపిస్తుంది. అప్పుడు మళ్ళీ లూథర్ ముందు రోజులే కదా, లాటిన్ క్వయర్ బదులు బ్యాండ్, అంతే తేడా.

దుఃఖం విషయంలో మాత్రం రెండు వైపులా లోటే అనిపిస్తుంది నాకు, కొత్తవాటిలో మరీను. 88వ కీర్తన చీకటి అనే మాటతోనే ముగుస్తుంది. బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఆదివారం వస్తే అన్నీ విజయం పాటలే అయితే ఆవిడ ఏం పాడుతుంది? అందుకే కాల్విన్ వాళ్ళ కీర్తనలు కూడా మళ్ళీ బయటికి తీయాలి అంటాను.

గొడవ ఎందుకని పొద్దున ట్రెడిషనల్ సర్వీస్, తర్వాత కాంటెంపరరీ సర్వీస్ అని విడగొట్టేస్తారు కదా, అది నాకు అస్సలు నచ్చదు. కొలొస్సయులకు 3:16లో పౌలు పాటలతో ఒకరికొకరు బోధించుకోమన్నాడు, ముసలివాళ్ళు ఒక గంటకి కుర్రాళ్ళు ఇంకో గంటకి వస్తే ఎవరు ఎవరికి బోధిస్తారు?

ఒకటే ఎంచుకోమంటే నా ఓటు హిమ్స్ కే, కానీ ఆర్గన్ తోనే అని కాదు, గిటార్ తో వాయించినా ఆ మాటలు ఎక్కడికీ పోవు. పునాదికి అవి ఉంచి, ప్రార్థన దగ్గర, ప్రభువు బల్ల దగ్గర ఒకటో రెండో కొత్త పాటలు పెట్టండి. కొత్త పాట నేర్పితే వరసగా మూడు నాలుగు ఆదివారాలు అదే పాడించండి, వారానికొకటి మార్చకండి, పాట ఎంచేటప్పుడు టీమ్ లో బాగా పాడేవాళ్ళని కాదు, వెనక వరసలో కూర్చునేవాళ్ళని పిలిచి మైక్ లేకుండా ఒకసారి పాడించి చూడండి.