విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర స్పానిష్, పోర్చుగీస్ క్లాసు: మూడు నెలలు వెళ్లాక

స్పానిష్ వస్తే పోర్చుగీస్ వచ్చేసినట్టే అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. నేను నమ్మాను. యాప్‌లో స్పానిష్ నేర్చుకుని, గుంటూరులో నేను పనిచేసే మిర్చి ఎక్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి బ్రెజిల్ పార్టీకి మెయిల్ రాస్తూ కారం పొడికి 'పోల్వో' అని పెట్టాను. స్పానిష్‌లో పోల్వో అంటే పొడి, పోర్చుగీస్‌లో ఆక్టోపస్. రాయాల్సింది 'పో'. అసలు సరుకేంటో తేలేసరికి రెండు రోజులు పట్టింది, ఆ టెన్షన్‌తోనే ఈ క్లాసులో చేరాను.

శని, ఆదివారాలు సాయంత్రం క్లాసు. మేడ మీద రెండు గదులు, ఏసీ లేదు, మే నెలలో నరకం. అయినా గుంటూరు నుంచి ఒక్క వారం కూడా మానకుండా వెళ్లానంటే అది మేడం వల్లే. ఏ మాట చెప్పినా అది ఏ దేశంలో ఏమవుతుందో బోర్డు మీద పక్కపక్కనే రాస్తారు. మా మిర్చి సంగతే చూడండి. మెక్సికోలో చిలే, పెరూలో అహీ, స్పెయిన్‌లో గిండియా. స్పానిష్ 'పిమియెంటా' మిరియాలు, కానీ బ్రెజిల్ వాళ్లు ఉత్తినే 'పిమెంటా' అంటే ఎక్కువగా మిరపకాయే, మిరియాలకి 'రాజ్యపు పిమెంటా' అనే అర్థంలో వేరే పేరుంది. పోర్చుగల్‌లో మళ్లీ పిమెంటా అంటే మిరియాలే! మనకి మిరపకాయ తెచ్చిందే ఆ పోర్చుగీసు వాళ్లు కదా, ఆ రోజు క్లాసు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

లిస్బన్‌లో చదవబోయే కుర్రాడొకడు మా బ్యాచ్‌లో ఉన్నాడు. 'ప్రొపినా' అంటే స్పానిష్‌లో టిప్పు, పోర్చుగల్‌లో యూనివర్సిటీ ఫీజు, బ్రెజిల్‌లో లంచం అని విని వాడు మళ్లీ మళ్లీ అడిగి రాసుకున్నాడు. బూతుల విషయంలో కూడా మేడం మొహమాటపడరు. స్పెయిన్‌లో బస్సు ఎక్కడానికి వాడే 'కొహేర్' మెక్సికో, అర్జెంటీనాల్లో పచ్చి బూతు, పోర్చుగల్‌లో అమ్మాయిని 'రపరీగా' అంటే మామూలే కానీ బ్రెజిల్‌లో తిట్టు. ఇలాంటివి ముందే చెప్పకపోతే పరాయి దేశంలో పరువు పోతుంది. మన 'అవసరం' తమిళంలో తొందర అయినట్టు అని ఆవిడే పోల్చి చెప్పారు, అప్పటినుంచి మర్చిపోలేదు.

లోపం ఒకటుంది, పెద్దదే. వాళ్లిచ్చే పుస్తకంలో పోర్చుగల్ మాటలూ బ్రెజిల్ మాటలూ కలిపేశారు, రైలుకి ఒక పేజీలో 'కొంబోయు', ఇంకో పేజీలో 'ట్రెం', ఏది ఎక్కడిదో రాయలేదు. తొమ్మిది వేలు తీసుకుని అలా ఇవ్వడం బాగాలేదు. క్లాసులో నోట్సు రాసుకోకపోతే ఆ పుస్తకంతో పని జరగదు.

చేరేవాళ్లు మీ పని ఏ దేశంతోనో మొదటి రోజే మేడంకి చెప్పండి, ఆ దేశం మాటలు విడిగా కూర్చుని రాయిస్తారు.